ఇరవై మందికి ఒక్క పూట తలకాయ, బోటి పంక్తి: తిరుపతిలో ఎలా పెట్టాలి, ఎలా తినాలి

ఆదివారం తెల్లారి మటన్ అంగడికి కొంచెం ఆలస్యంగా పోయి చూడండి. తొడ, పక్కటెముకలు ఇంకా వేలాడుతుంటాయి గానీ తలకాయలు, బోటి (పొట్ట, పేగులు) ఎవరో ముందే చెప్పిపెట్టుకుని ఉంటారు. తిరుపతి, చిత్తూరు పక్క వీటి రుచి తెలిసినవాళ్లకు కొదవ లేదు. అయితే ఇంట్లో నలుగురికి వండటం వేరు, ముందుగా డబ్బు కట్టించుకుని, ముక్కూ మొగం తెలియని ఇరవై మందిని ఒకే పంక్తిలో కూర్చోబెట్టి, ఒక్క పూట మాత్రం నడిచే హోటలుగా పెట్టడం వేరు. వచ్చేవాళ్లలో సగం మంది మెదడుగానీ నెత్తురుగానీ ఎప్పుడూ నోట పెట్టి ఉండరు. వాళ్లకు మొదటి ముక్క బాగుంటే జన్మంతా తింటారు, బాగాలేకపోతే జన్మలో ముట్టరు. అందుకే ఈ పని సరదాగా మొదలుపెట్టినా జాగ్రత్తగా చేయాలి.

ఒక మాట ముందే మనసులో పెట్టుకోండి. "బోటి కంపు", "కార్జం రబ్బరు" అనేవాళ్లు తిన్నది సరిగా కడగని బోటి, వేళ మించి వేయించిన కార్జం (కాలేయం). ఆ భాగాల్లో ఏ దోషమూ లేదు. మసాలా ఎంత దట్టించినా కడగడంలో జరిగిన తప్పును దాచలేదు. అందుకే కింద కడగడం గురించే ఎక్కువ చెప్పాం.

రోజు, చోటు

శనివారం వద్దు. వెంకన్న వారమని ఈ ఊళ్లో చాలా ఇళ్లలో ఆ రోజు నీచు ముట్టరు. పెరటాశి నెలంతా, అంటే సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా, పెట్టుకోకపోవడమే మేలు. కార్తీకంలోనూ మనుషులు తగ్గుతారు. అక్టోబరు 2న మటన్ అంగళ్లే మూసేస్తారు. గంగమ్మ జాతర రోజుల్లో ఊరంతా వేటలే కాబట్టి తలకాయలకు కరువుండదు, కానీ ఎవరింటికి వాళ్లకు చుట్టాలుంటారు, మీ పంక్తికి వచ్చేవాళ్లుండరు.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట అన్నిటికంటే మంచి వేళ. తెల్లవారి కోసినది ఒంటిగంటకు ఆకులోకి వస్తుంది. రాత్రి పెట్టాలనుకుంటే పొద్దున్నే కడిగి, ఉడికించాల్సినవి ఉడికించి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టగలిగితేనే పెట్టుకోండి. పచ్చి బోటి, పచ్చి మెదడు ఎండాకాలంలో గంట సేపు బయట ఉన్నా వాసన మారుతుంది.

తిరుమల కొండ మీద మాంసానికి చోటు లేదు, అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుంది. ఈ సంగతి ఊరివాళ్లకు తెలిసినా బయటి ఊరి నుంచి వచ్చే అతిథులకు చెప్పండి. భోంచేసి మిగిలింది డబ్బాలో పెట్టుకుని కొండెక్కుదామనుకునేవాళ్లు ఉంటారు. కపిలతీర్థం, తిరుచానూరు గుడి వీధుల పక్కన కూడా పెట్టకండి. చంద్రగిరి దారిలోనో, కరకంబాడి వైపో, రేణిగుంట పక్కనో మామిడితోట దొరికితే సరిపోతుంది. మిద్దె మీద పెట్టుకుంటే నీళ్లు మోయలేక చస్తారు. పైగా కొవ్వు, బొచ్చు కలిసి ఇంటివాళ్ల పైపులు మూసుకుపోతాయి. 200 లీటర్ల డ్రమ్ములు రెండు, నీడ, నీళ్లు పారిపోయే కాలువ, వంటలన్నిటికీ చాలినన్ని పొయ్యిలు, కుక్కలు రాకుండా గేటు, ఇవి లేని చోటు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

డబ్బు తీసుకుని అన్నం పెడుతున్నారు కాబట్టి ఎఫ్‌.ఎస్‌.ఎస్‌.ఎ.ఐ. (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

అంగడిలో చెప్పాల్సినవి

శుక్రవారమే చెప్పిపెట్టి కొంత అడ్వాన్సు ఇవ్వండి. ఇరవై మందికి ఇవి సరిపోతాయి:

పొట్టేలు తలకాయలు 3, కాల్చి కొట్టినవి
కాళ్లు 12, కాల్చినవి
బోటి 3 సెట్లు (కడిగి కోస్తే సుమారు రెండున్నర, మూడు కిలోలు)
కార్జం కిలోంబావు, దాంతోపాటు గుండెకాయలు 3
మెదళ్లు 6 (మూడు తలల్లోవి మూడు, విడిగా మూడు)
నెత్తురు లీటరు, మీ కళ్ల ముందు పట్టించుకోగలిగితేనే

బోటి ఉడికితే సగానికి దగ్గరగా తగ్గుతుంది. మొదటిసారి వండేవాళ్లు ఇక్కడే లెక్క తప్పుతారు. తట్ట నిండా కనబడుతుంది కదా అని రెండు సెట్లు తెస్తే అందరికీ చాలదు.

అంగడాయనకు నాలుగు మాటలు గట్టిగా చెప్పండి. తలకాయ నిదానంగా చీల్చి మెదడు చెదరకుండా వేరే కవరులో ఇవ్వమనండి. కాళ్ల గిట్టలు ఊడదీయమనండి. కార్జం మీదున్న పైత్యపు తిత్తి పగలకుండా తీయమనండి. అది పగిలిందంటే ఆకుపచ్చ నీళ్లు తగిలిన మేరా చేదెక్కుతుంది, ఎంత కడిగినా పోదు, ఆ మేర కోసి పారేయాల్సిందే. కింది దవడ పళ్లు రాలగొట్టమనండి.

మీరు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కార్జం నున్నగా, ముదురు ఎరుపులో, అంచులు పదునుగా ఉండాలి. కోసిన చోట గొట్టాలు తెల్లగా దళసరెక్కి ఉంటే లోపల జలగల్లాంటి పురుగులుంటాయి. కార్జం మీదగానీ ఊపిరితిత్తుల మీదగానీ నీళ్లు నిండిన తెల్లటి బుడగలుంటే అది బద్దెపురుగు గూడు. అది తీసుకోవద్దు, దాన్ని కుక్కకు వేయనివ్వద్దు. కుక్క కడుపులో అది పెరిగి, కుక్క నుంచి మనిషికి వస్తుంది. బోటి మీద పచ్చి గడ్డి వాసన ఉంటే మంచిదే. పుల్లటి, కుళ్లిన వాసనొస్తే వెనక్కిచ్చేయండి.

చవకగా వస్తుందని ఊళ్లో జబ్బు చేసి చచ్చిన జీవానిది ఎన్నడూ కొనకండి. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, అట్లా చచ్చిన గొర్రెను కోసినవాళ్లకూ తిన్నవాళ్లకూ అంటుకుంటుంది. ఆ క్రిమి బీజాలు మామూలు ఉడుకుకు చావవు. మున్సిపాలిటీ ముద్ర పడిన చోట, బతికుండగా చూసి కోసిన పొట్టేలుదే తీసుకోండి.

ఐసుపెట్టె ఒకటి వెంట తీసుకెళ్లండి. మెదళ్లు, కార్జం ఐసులో, బోటి వేరే సంచిలో. బోటినీ కార్జాన్నీ ఒకే సంచిలో వేస్తే కార్జం బోటి వాసన పట్టేస్తుంది.

కడగడం: ముగ్గురు మనుషులు, మూడు గంటలు

బోటితో మొదలుపెట్టండి, ఎక్కువ సేపు పట్టేది అదే. పెద్ద పొట్టను చీల్చి, లోపలి పేడంతా దులిపి, పారే నీళ్లలో మూడుసార్లు జాడించండి. పేగులను మూరెడు మూరెడు ముక్కలు చేసి, ఒక చివర కొళాయికి తగిలించి నీళ్లు వదలండి. తర్వాత సన్నటి నున్నటి పుల్ల మీదుగా లోపలి పక్క బయటికి తిప్పి, రాళ్లుప్పు పట్టించి రుద్దండి. లోపలి జిగురు అంతా ఉప్పుతో గుంజుకొస్తుంది. పేగులకు అంటుకున్న తెల్ల కొవ్వును చాలావరకు తీసేయండి. కొంచెం ఉంచితే రుచి, అంతా ఉంచితే కూర మీద వేలెడు నూనె తేలుతుంది.

పొట్ట లోపల నల్లటి నూగు పొర ఉంటుంది. దాన్ని తీయడానికి నీళ్ల వేడే కీలకం. మరిగే నీళ్లు ఒక వంతు, కొళాయి నీళ్లు ఒక వంతు కలిపితే సుమారు 65 డిగ్రీలకు వస్తాయి. ఐదు లీటర్ల అట్లాంటి నీళ్లలో తమలపాకుల్లో వేసుకునే సున్నం ఒక టీస్పూను కలిపి, పొట్టను రెండు మూడు నిమిషాలు ముంచండి. అంచు దగ్గర గోటితో గీరితే పొర లేచి వస్తే చాలు, వెంటనే తీసి పలక మీద పరిచి మొద్దు కత్తితో గీకండి. తెల్లగా బయటపడుతుంది. సలసల మరిగే నీళ్లలో వేశారో, పొర ఉడికి అతుక్కుపోతుంది, ఇక గునపంతో గీకినా రాదు. సున్నం ఎక్కువైనా, ఎక్కువ సేపు ఉంచినా కొవ్వుతో కలిసి సబ్బు వాసన వస్తుంది. గీకిన తర్వాత నాలుగు నీళ్లు మార్చి, ఆఖరున పలచటి మజ్జిగలో పది నిమిషాలు ఉంచి కడిగేయండి. గళ్లు గళ్లుగా ఉండే చిన్న సంచినీ, పొరలు పొరలుగా ఉండేదాన్నీ విడిగా పట్టుకుని ప్రతి పొరా విప్పి కడగాలి. ఇసుక దాగేది అక్కడే. పంటి కింద ఒక్క రేణువు పడితే ఆ మనిషి ఆ రోజుకు బోటి మానేస్తాడు.

తలకాయలో ముక్కు గూళ్లు చూడండి. గొర్రెల ముక్కుల్లో ఒక రకం ఈగ పురుగులు పెరుగుతాయి. తల నిలువుగా చీల్చి ఉంటుంది కాబట్టి ముక్కు లోపలి పలచటి పొరలన్నీ వేలితో లాగేసి, ఉప్పునీళ్లు గట్టిగా పోసి కడగండి. చెవి మొదట్లో గులిమి ఉంటుంది, ఆ ముక్క కోసేయడమే తేలిక. కంటి నల్లగుడ్డు ఉడికితే పులుసులోకి నలుపు దిగుతుంది, కాబట్టి కళ్లు తీసేయండి. కళ్లంటే ఇష్టపడేవాళ్లుంటే విడిగా ఉడికించి ఇవ్వొచ్చు. నాలుకను మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి తీస్తే పైన గరుకు తోలు వలిచినట్టు వస్తుంది.

ఇక ఎముక ముక్కలు. కత్తితో కొట్టినప్పుడు సన్నటి చీలికలు లేస్తాయి. పెద్ద బేసిన్ నిండా నీళ్లు పోసి అందులో తునకలు వేసి కదిపి, రెండు నిమిషాలు ఆగి, తునకలను పైపైన చేత్తో ఏరి తీయండి. చీలికలు అడుగున ఉండిపోతాయి. జల్లెడలో పోసి కడిగితే చీలికలూ తునకలతోనే ఉంటాయి. ఇట్లా మూడుసార్లు చేయండి. పరాయి మనిషి గొంతులో ఎముక ఇరుక్కుంటే మీరు పెట్టిన విందు అంతటితో ఆసుపత్రిలో ముగుస్తుంది.

కాళ్లకు కాల్చిన మసి కత్తితో గీకి, పసుపు, గోధుమపిండి పట్టించి రుద్ది కడగండి. గొర్రె కాళ్లలో చాలామంది వదిలేసేది ఒకటుంది. రెండు గిట్టలు కలిసే చోటికి కొంచెం పైన చిన్న రంధ్రం, దాని లోపల వెంట్రుకలు, జిడ్డు నిండిన గూడు ఉంటుంది. గిట్టల నడుమ నిలువుగా చీల్చి దాన్ని మొత్తంగా తీసేయాలి. సూపుకు వచ్చే ఆ పాత జిడ్డు వాసన దీనిదే.

మెదళ్లు మెత్తన కాబట్టి పారే నీళ్లకింద పెట్టకండి. చల్లటి ఉప్పునీళ్లలో అరగంట నానబెట్టి, పైన ఎర్ర నరాల పొరను వేళ్లతో నీళ్లలోనే వలవండి. ఒడ్డున వలిస్తే చెదిరిపోతుంది.

పొయ్యి మీద

ముందుగా కాళ్లు ఎక్కించండి, ఎనిమిదిన్నరకల్లా. 12 కాళ్లను నీళ్లలో పది నిమిషాలు మరిగించి ఆ నీళ్లు పారబోయండి. మళ్లీ ఆరు లీటర్ల నీళ్లు, టీస్పూను పసుపు, చితక్కొట్టిన తెల్లగడ్డలు మూడు, అల్లం 50 గ్రాములు వేసి మూత ఓరగా పెట్టి సన్న సెగ మీద నాలుగు గంటలు. కుక్కరైతే మొదటి విజిలు తర్వాత సిమ్‌లో 50 నిమిషాల నుంచి గంట. సెగ పెద్దదైతే కొవ్వు చితికి సూపులో కలిసి తెల్లగా చిక్కబడుతుంది, నోటికి జిడ్డు తగులుతుంది. రెండు వేళ్ల నడుమ చుక్క పెట్టి నొక్కితే వేళ్లు అతుక్కోవాలి, అప్పుడు సూపు అయినట్టు. ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు 20 గ్రాములు, జీలకర్ర 10 గ్రాములు ఆఖరి అరగంటలో వేయండి. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చినవాళ్లకు ఇళ్లలో తాగించే సూపు ఇదే, మసాలా ఎక్కువ అక్కర్లేదు.

తలకాయ పులుసుకు కారం నూరుకోవాలి. ధనియాలు 60 గ్రాములు, ఎండుమిరపకాయలు 45, ఎండుకొబ్బరి 100, గసగసాలు 25, మిరియాలు 10, చెక్క రెండు ముక్కలు, లవంగాలు పది. గసగసాలు, కొబ్బరి ఆఖరున వేయించండి, ముందు వేస్తే మాడతాయి. పావు లీటరు చెనక్కాయల నూనెలో అరకిలో ఎర్రగడ్డలు వేయించి, 100 గ్రాముల అల్లం తెల్లగడ్డ ముద్ద వేసి పచ్చివాసన పోయాక తునకలు, పసుపు, ఉప్పు వేసి నీళ్లు ఇగిరేదాకా మగ్గనివ్వండి. ఈ మగ్గబెట్టడం ఎగ్గొట్టి నేరుగా నీళ్లు పోస్తే పులుసు పచ్చిపచ్చిగా ఉంటుంది. తర్వాత కారం ముద్ద, రెండు లీటర్ల వేడి నీళ్లు పోసి కుక్కర్లో సిమ్ మీద 25 నిమిషాలు. నాలుక ముక్క గోరుతో గిల్లితే తెగాలి. మూత తీశాక నిమ్మకాయంత చింతపండు పులుసు పోసి పది నిమిషాలు తెర్లనివ్వండి.

బోటిని అంగుళం ముక్కలు కోసి, పసుపు, ఉప్పు వేసి ఒక్క ఉడుకు రానిచ్చి ఆ నీళ్లు పారబోయాలి. మళ్లీ నీళ్లు పోసి కుక్కర్లో 35 నుంచి 40 నిమిషాలు. పొట్ట, పేగులు ఒకే వేళకు ఉడకవు. పొట్ట ముక్కలు ముందు వేసి పావుగంట అయ్యాక కుక్కరు దించి, ఆవిరి పోయాక పేగులు కలపండి. గంట నానిన శనగపప్పు పావుకిలో విడిగా పలుకుగా ఉడికించి ఉంచండి. ఇనుప మూకుట్లో నూనె కాగాక ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, కరివేపాకు, ఆపైన బోటి వేసి నీరంతా పోయి అంచులు ఎర్రబడేదాకా పావుగంట వేయించండి. అప్పుడు పప్పు, కారం, ధనియాల పొడి. తడి ఉన్న బోటికి కారం వేస్తే అది ఉడికినట్టే ఉంటుంది, వేగినట్టుండదు.

కార్జం, మెదడు అతిథులు కూర్చున్నాక వండాల్సినవి. ముందు వండి పెడితే పాడైపోతాయి. కార్జం, గుండెకాయ తడి తుడిచి, కార్జాన్ని చిటికెన వేలి మందాన ముక్కలు చేయండి. గుండెకాయ ముదురు కాబట్టి ముందే పావుగంట ఉడికించి ఉంచుకోండి. మూకుడు బాగా కాగాలి. ఒకసారికి అరకిలోకు మించి వేయకండి, ఎక్కువేస్తే నీరు వదిలి ఉడుకుతుంది, రబ్బరవుతుంది. ఐదారు నిమిషాలు, మిరియాల పొడి, సోంపు, కరివేపాకు. ఉప్పు దించే ముందు వేయండి, ముందే వేస్తే నీరు కారి గట్టిపడుతుంది. పెద్ద ముక్క ఒకటి కోసి చూస్తే లోపల ఎర్ర నీరు ఉండకూడదు. థర్మామీటరు ఉంటే లోపల 71 డిగ్రీలు. ఇంకా పచ్చిగా, ఎర్రగా తినడం గొప్పనుకునేవాళ్లు అడుగుతారు, ఒప్పుకోకండి. కార్జంలో ఉండే క్రిములు వేడికే చావాలి.

మెదళ్లను పసుపు, ఉప్పు వేసిన నీళ్లలో ఐదు నిమిషాలు సన్నగా మరిగిస్తే గట్టిపడతాయి. చల్లారాక ముక్కలు చేసి, ఎర్రగడ్డ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, ఆరు గుడ్లు కొట్టి కలిపి, గుడ్డు ముడుచుకోగానే దించేయండి.

నెత్తురుకు అన్నీ వేరే ఉండాలి: గిన్నె, గరిటె, పొయ్యి. మన ముస్లిం స్నేహితులకు నెత్తురు నిషిద్ధం, కొంతమంది క్రైస్తవులూ తినరు. లీటరుకు టీస్పూను ఉప్పు వేసి పట్టించిన నెత్తురు గడ్డకడుతుంది. దాన్ని ముక్కలుగా కోసి నీళ్లలో ఇరవై నిమిషాలు, లోపలిదాకా గోధుమ రంగు వచ్చేదాకా ఉడికించి, చిదిమి, ఎర్రగడ్డలు, కొబ్బరి, కారంతో పొడిపొడిగా వేయించండి. కోసిన మూడు గంటల్లో పొయ్యెక్కకపోతే పారబోయండి.

సంగటికి నూకలు కిలో, రాగిపిండి కిలోన్నర, నీళ్లు ఎనిమిది లీటర్లు. నూకలు మెత్తబడ్డాక పిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో గుంట చేసి, కదపకుండా మూతపెట్టి పది నిమిషాలు ఆగి, అప్పుడు దించి గెలకండి. ముందే గెలికితే ఉండలు కడుతుంది, పిండి పచ్చిగా ఉండిపోతుంది. మనిషికి రెండు ముద్దలు. పక్కన చెనక్కాయల ఊరిబిండి (పచ్చడి), చారు, పచ్చి ఎర్రగడ్డ, నిమ్మబద్ద.

వడ్డించే వరుస

కొత్తవాళ్లకు కంటికి కనబడే ఆకారమే మొదటి అడ్డు, రుచి సంగతి తర్వాత. కాబట్టి ముందు సూపు, చిన్న గ్లాసుల్లో, పొగలు కక్కుతుండగా. అందులో కాలు కనబడదు, మిరియాల ఘాటే తెలుస్తుంది. తర్వాత కార్జం, రెండేసి ముక్కలు. దాని రుచి మాంసానికి దగ్గర. మూడోది మెదడు, గుడ్డుతో కలిసి ఉంటుంది కాబట్టి భయం తగ్గుతుంది. అప్పుడు సంగటి ముద్ద, తలకాయ పులుసు. కడుపులో కొంత పడి, పక్కవాళ్లతో మాటలు కలిశాక బోటి. నెత్తురు ఆఖరున, అడిగినవాళ్లకే.

పేరు దాచి పెట్టకండి. "ముందు తిను, ఏందో తర్వాత చెప్తా" అనడం మంచి మర్యాద కాదు. ఆకులు వేయకముందే పలక మీద వంటకాల పేర్లు, ఏది ఏ భాగమో, దేనిలో నెత్తురుందో, దేనిలో చెనక్కాయలున్నాయో రాసి పెట్టండి. మటన్ హలాల్ అవునా కాదా కూడా రాయండి. వడ్డించేవాళ్లు "ఒక ముక్క వేసేదా అన్నా?" అని అడిగి, చేయి అడ్డం పెడితే ముందుకు పోవాలి. రెండోసారి బలవంతం చేస్తే ఆ మనిషి మిగతా వంటకాలూ తినడు. పక్కనున్న పెద్దవాళ్లు "తిను తిను, ఒంటికి బలం" అని ఒత్తిడి చేస్తుంటే వాళ్లకే ఇంకో గరిటె వేసి మాట మళ్లించండి.

చల్లటి నీళ్లు పంక్తిలో పెట్టకండి. పొట్టేలు కొవ్వు చల్లారగానే గట్టిపడుతుంది. సూపు తాగి ఐసు నీళ్లు తాగితే అంగిలికి కొవ్వు అతుక్కుని ఇక ఏ రుచీ తెలియదు. గోరువెచ్చని నీళ్లు, వేడి చారు ఇవ్వండి. చేతులు కడుక్కోవడానికీ వేడి నీళ్లే.

తినడానికి వచ్చేవాళ్లకు

సంగటిని నమలొద్దు. చిన్న ఉండ తీసుకుని, వేలితో గుంట చేసి, పులుసులో ముంచి మింగండి. నమిలితే పళ్లకు అతుక్కుని విసుగొస్తుంది.

తలకాయలో ఏ తునక ఎట్లాగుంటుందో తెలిస్తే ఆనందం ఎక్కువ. దవడ కండ అన్నిటికంటే మెత్తన, మొదటిసారి తినేవాళ్లు దాన్ని అడిగి వేయించుకోండి. నాలుక నున్నగా, గట్టిగా ఉంటుంది. చెవి కరకరలాడే మెత్తటి ఎముక. ముట్టె జిగురు. ఎముకను చేత్తో పట్టుకుని పీల్చాల్సిందే, ఎవరూ తప్పుపట్టరు. బోటిలో పొట్ట ముక్క నమలడానికి కొంచెం సేపు పడుతుంది, పేగు ముక్కలో కొవ్వు రుచి ఉంటుంది. రెండూ ఒకేసారి నోట్లో పెట్టుకోకుండా విడివిడిగా తిని చూడండి. కార్జానికి నిమ్మరసం పిండితే దాని లోహపు వాసన తగ్గుతుంది. నచ్చనిది ఆకు పక్కకు పెట్టేయండి. కాకపోతే మొదటి ముక్కతోనే తీర్పు ఇవ్వకుండా, వేడిగా ఉన్నప్పుడు ఇంకొకటి తిని అప్పుడు మానండి.

కొంతమంది కొన్ని మానుకోవాలి. యూరిక్ యాసిడ్, గౌట్ నొప్పులున్నవాళ్లకు కార్జం, మెదడు, గుండెకాయ వద్దు. గర్భిణులు కార్జం తినకూడదు, అందులో విటమిన్ ఏ మితిమీరి ఉంటుంది. కొలెస్ట్రాల్ మందులు వాడేవాళ్లు మెదడు జోలికి పోవద్దు, 100 గ్రాముల్లో 1000 మిల్లీగ్రాములకు పైనే కొలెస్ట్రాల్ ఉంటుంది. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు డాక్టరును అడిగి రండి. ఈ జాగ్రత్తలన్నీ అతిథులకు ముందురోజే మెసేజ్ పెట్టేయండి, ఆకు ముందు కూర్చున్నాక చెబితే ఎవరూ వినరు.

మిగిలినవి, పారేసేవి

సూపు, తలకాయ పులుసు, బోటి పొయ్యి మీదే, 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచండి. పంక్తి లేచిన రెండు గంటల్లోపు, ఎండాకాలమైతే గంటలోపు, వెడల్పు గిన్నెల్లో పోసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. లోతు గిన్నెలో పెడితే పైన చల్లబడినా నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉండి పులిసిపోతుంది. సూపు మరునాటికి గడ్డకడితే కంగారు పడకండి, బాగా దిగినట్టు లెక్క, మళ్లీ బాగా మరిగించి తాగొచ్చు. మెదడు, నెత్తురు, కార్జం మిగిలితే ఉంచొద్దు, ఎవరికీ కట్టివ్వొద్దు.

పేడ, పొరలు, బొచ్చు, ముక్కు గూళ్లు, బుడగలు కనబడిన ముక్కలు ఏవీ కాలువలోగానీ కుక్కలకుగానీ పోకూడదు. తోటలో బావికి, బోరుకు దూరంగా మూడు అడుగుల గుంత తీసి వేసి, పైన పిడికెడు పిడికెడుగా సున్నం చల్లి, మన్ను నిండుగా కప్పి, కుక్కలు తవ్వకుండా పైన రెండు రాళ్లు పెట్టండి. ఈ గుంత పొద్దున్నే, కడగడం మొదలుపెట్టకముందే తవ్వించి ఉంచాలి. భోజనాలయ్యాక గునపం పట్టడానికి ఎవరికీ ఓపిక మిగలదు.